పండక్కి పిల్లలతో వస్తున్నారు, శ్రీకాకుళంలో రెండు రోజులు ఎక్కడ తిప్పాలి?

కాకుళం కోడలు
డిసెంబరు 21, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదవడమే గాని రాయడం ఇదే మొదలు. సంక్రాంతికి మా ఆడపడుచు వాళ్ళు హైదరాబాద్ నుంచి వస్తున్నారు. పిల్లలు ముగ్గురు. పదమూడేళ్ళ అమ్మాయి, తొమ్మిదేళ్ళ వాడు, నాలుగేళ్ళ బుడ్డోడు. మా అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేరు. అలాగని ఇంట్లో వదిలేసి వెళ్తే పండగ పూట మొహం చిన్నబుచ్చుకుంటారు. పండగ మూడు రోజులూ పిండివంటలకీ చుట్టాలకీ సరిపోతుంది, తిరగడానికి మిగిలేది రెండు రోజులు.

అసలు గొడవేమిటంటే, పోయినసారి వచ్చినప్పుడు ఆడపడుచు గారి ఆయన, నాకు అన్నయ్య వరస, "చెల్లెమ్మా, మీ ఊళ్ళో అరసవల్లి చూశాక ఇంకేముంది? మళ్ళీ అరసవల్లే" అని నవ్వారు. మావారు ఆ మాట మనసులో పెట్టుకున్నారు. ఈసారి వైజాగ్ తీసుకెళ్ళిపోదాం, జూ, బీచ్, కైలాసగిరి అయిపోతాయి అంటారు. పండగ రద్దీలో వంద కిలోమీటర్లు పోవడం, వంద రావడం, మధ్యలో బుడ్డోడి వాంతులు. తలుచుకుంటేనే టెన్షన్. చీకటి పడేసరికి ఇంటికి చేరిపోయేలా చుట్టుపక్కల ఏమైనా ఉంటే చెప్పండి. నేను పుట్టింది తెనాలిలో, ఇక్కడికొచ్చి ఆరేళ్ళే, నాకూ పెద్దగా తెలీదు.


టెక్కలి టిఫిను
డిసెంబరు 21, రాత్రి 9:58

మీ అన్నయ్యగారి మాటలో తప్పేముందండీ. ఉన్న ఒక్క ఏటికీ ఊరంతా పెరడు పెట్టుకుని కూర్చుంది. నాగావళి వైపు వీధి వాకిలి ఉన్న ఇల్లు ఒక్కటి చూపించండి, టిఫిను నా లెక్క.

అయినా జూకి వైజాగ్ ఎందుకు? జనవరి అంటే మా తేలినీలాపురంలో కొంగలు, గూడబాతులు చింతచెట్ల మీద కాపురాలుంటాయి. బోనులు లేవు, మన నెత్తి మీదే గూళ్ళు. గొడుగు తెచ్చుకోండి, ఎండకి కాదు.


గుడివీధి మాస్టారు
డిసెంబరు 22, ఉదయం 5:36

టిఫిను గారూ, మీరు ఓడారు. మా గుడివీధిలో ఉమారుద్ర కోటేశ్వరుడు నాగావళి ఒడ్డునే ఉన్నాడు. దేవుడి ఇల్లు ఇల్లు కాదంటారా? నాకు పెసరట్టు ఉప్మా, అల్లం పచ్చడి కాస్త ఎక్కువ వేయించండి.

కోడలమ్మా, ముందు మీ పిల్లలకి ఈ ఏటి కథ చెప్పండి. కళింగంలో కరువొస్తే బలరాముడు నాగలితో నేల గీశాడని, ఆ నాగటి చాలే నాగావళి అయిందని మన పెద్దలు చెప్తారు. ఏటి పొడవునా ఐదు చోట్ల ఆయన లింగాలు నిలిపాడంటారు. రాయగడ దగ్గర పాయకపాడు, పార్వతీపురం వైపు గుంప, ఆ కింద సంగాం, ఊళ్ళో మా కోటేశ్వరుడు, ఏరు సముద్రంలో కలిసేచోట కళ్ళేపల్లి మణినాగేశ్వరుడు. ఆఖరి రెండూ మీకు గుమ్మం ముందే.

అరసవల్లికి ఆదివారం మాత్రం వెళ్ళకండి. ఆ రోజు క్యూలో మీ అత్తయ్యగారి మోకాళ్ళు ఒప్పుకోవు. మామూలు రోజు పొద్దున్నే వెళ్తే ప్రశాంతం. స్వామి పాదాల మీద సూర్యకిరణాలు పడేది ఏడాదికి రెండుసార్లు, మార్చి రెండో వారంలోనూ అక్టోబరు మొదట్లోనూ, అదీ మబ్బు లేకపోతే. సంక్రాంతికి పడవు. పడతాయని ఎవరైనా ఆటో అబ్బాయి తొందరపెడితే నమ్మకండి.

ఇంకొకటి. కనుమనాడు కాకైనా కదలదంటారు. ఆ రోజు ప్రయాణం పెట్టుకోకండి, మీ అత్తయ్యగారే ఒప్పుకోరు.


గార రోడ్డు
డిసెంబరు 22, ఉదయం 8:15

అక్కా, మాస్టారు ఐదు లింగాలు చెప్తే పిల్లలు ఇంట్లోనే ఉంటాం అంటారు. నేను చెప్పేది వినండి. మా గార వైపు ఒకే దారిలో రోజంతా గడిచిపోతుంది.

పొద్దున్న అరసవల్లి. అక్కడి నుంచి శ్రీకూర్మం, ఊరి నుంచి లెక్కేస్తే పదిహేను కిలోమీటర్ల లోపే. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళుంటాయి. డిప్ప మీద పసుప్పచ్చ గీతలు నక్షత్రాల్లా ఉంటాయి, అందుకే ఆ పేరు. స్వామిది కూర్మావతారం కాబట్టి వాటిని అక్కడ పెంచుతారు. తర్వాత శాలిహుండం కొండ, బౌద్ధ స్తూపాలు, కింద వంశధార. సాయంత్రానికి కళింగపట్నం బీచ్. ఏడింటికి ఇంటికి.

గుర్తుపెట్టుకోండి, మధ్యాహ్నం గుడి తలుపులు వేస్తారు. పదకొండు లోపు శ్రీకూర్మంలో ఉండాలి.


గుడివీధి మాస్టారు
డిసెంబరు 22, ఉదయం 8:40

తమ్ముడు దారి బాగా చెప్పాడు గాని శ్రీకూర్మాన్ని తాబేళ్ళతో ముగించేశాడు. అక్కడ స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. అందుకే తూర్పున ఒకటి, పడమట ఒకటి, రెండు ధ్వజస్తంభాలు. తొమ్మిదేళ్ళ వాడికి ముందు చెప్పకండి, "ఈ గుడిలో ఒకటి ఎక్కువుంది, ఏమిటో కనుక్కో" అనండి. స్తంభాల మీద శాసనాలున్నాయి, గోడల మీద పాత వర్ణచిత్రాలున్నాయి. పెద్ద అమ్మాయికి బొమ్మలంటే ఇష్టమైతే అక్కడ కాసేపు వదిలేయండి.


టెక్కలి టిఫిను
డిసెంబరు 22, ఉదయం 9:02

మాస్టారూ, పిల్లలు పండక్కి వస్తున్నారు, పరీక్షకి కాదు.


పొందూరు పిల్ల
డిసెంబరు 22, మధ్యాహ్నం 1:20

పెద్ద అమ్మాయికి ఏం ఇష్టమో ఎవరైనా అడిగారా? పదమూడేళ్ళంటే గుడికెళ్దాం అన్నా మూతి ముడుపే, బీచ్‌కెళ్దాం అన్నా మూతి ముడుపే. మా అక్క కూతురు అంతే. దాన్ని ఒకసారి మా ఊరు పొందూరు తీసుకొచ్చాం, ఖద్దరు పని చూపించడానికి. రెండు గంటలు ఫోన్ ముట్టుకోలేదు.

ఖద్దరు అనగానే నాయకులు కట్టుకునే తెల్లబట్ట అనుకుంటారు. ఇక్కడ పని చూడాలి. వాలుగ చేప దవడ ఎముక ఉంటుంది, దాని సన్నటి పళ్ళతో పత్తిని దువ్వుతారు. గింజ చుట్టూ ఉన్న నలక, ఆకుముక్క అన్నీ ఆ దువ్వెనకి వచ్చేస్తాయి. ఆ తర్వాత గింజ తీసి, వింటితో ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటి దొప్పలో దాస్తారు, మాసిపోకుండా. అప్పుడు రాట్నం. నూరో నంబరు నూలు, అంటే చాలా సన్నటి నూలు, వడికే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. మా నానమ్మ వడికేది. నూలు తెగితే చూసి కాదు, వేలితో తెలుసుకునేది. చీకట్లో కూడా.

అక్క కూతురు ఆ దవడ ఎముకని చేతిలో పట్టుకుని "ఇది నిజంగా చేపదేనా" అని వాసన చూసింది. చేపదే. వాసన మాత్రం రాదు.

ఒక్క మాట, పండగ రోజుల్లో పని ఉండదు. పండగకి ముందో, అయిపోయిన రెండు మూడు రోజులకో, తెలిసినవాళ్ళని కనుక్కుని రండి. వాళ్ళ ఇళ్ళల్లో జరిగే పని అది, బొమ్మలకొలువు కాదు. వెళ్ళి ఫోటోలు తీసుకుని వచ్చేయకుండా ఒక తువ్వాలైనా కొనండి.


అమెరికాలో ఆమదాలవలస
డిసెంబరు 23, తెల్లవారుజామున 3:11

ఈ థ్రెడ్ చదువుతుంటే కడుపులో ఏదో అయిపోతోంది. మా చిన్నప్పుడు చక్కెర ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో, చెరకు బళ్ళ వెనకాల పరిగెత్తి గడ లాక్కోవడమే మాకు పెద్ద వినోదం. బండివాడు చర్నాకోల ఝళిపించేవాడు గాని ఎప్పుడూ కొట్టలేదు. ఇప్పుడు నాగావళిలో బోటింగు పెట్టారా? ఇక్కడ మా ఊళ్ళో చిన్న ఏరు, దాని ఒడ్డున ఎంత బాగా నడకదారి కట్టారో! మన వాళ్ళకి ఎందుకు రాదు ఈ ఆలోచన?


టెక్కలి టిఫిను
డిసెంబరు 23, ఉదయం 7:30

బావా, వానాకాలంలో బోటు కావాలి, వేసవిలో దాన్ని మోసుకెళ్ళడానికి నలుగురు మనుషులు కావాలి. మీ ఏరూ మా ఏరూ ఒకటి కాదు.


ఏటొడ్డు నాన్న
డిసెంబరు 23, ఉదయం 10:05

టిఫిను జోక్ చేశాడు గాని మాట నిజం. ఒడిశా కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీరు ఎర్రగా తిరుగుతుంది. పైన తోటపల్లి బ్యారేజి ఉంది, నాగావళిలో కలిసే సువర్ణముఖి మీద మడ్డువలస రిజర్వాయరు ఉంది. గేట్లు ఎత్తారంటే గంటల్లో మన దగ్గర మట్టం మారిపోతుంది. జనవరిలో ఆ భయం లేదు. కాని ఇంకో భయం ఉంది, అది చెప్పడానికే వచ్చాను.

మూడేళ్ళ క్రితం, ఫిబ్రవరి. మావాడికి పదేళ్ళు. ఊరికి కాస్త దూరంలో ఏట్లో దిగాం. మోకాలి లోతు నీళ్ళు, అడుగున ఇసక కనిపిస్తోంది, నేను ఒడ్డున ఫోన్ మాట్లాడుతున్నాను. వాడు నాకు పది అడుగుల దూరంలోనే ఉన్నాడు. ఒక అడుగు పక్కకి వేశాడు, అంతే, తల మాత్రమే కనిపించింది. ఇసక తవ్వుకుపోయిన గొయ్యి. పైన నీళ్ళు సమంగా ఉంటాయి, కింద ఆరడుగులు. పశువులు తోలుకొచ్చిన ఒక పెద్దాయన నాకన్నా ముందు దూకాడు. నేను దూకేసరికి ఆయన వాడి జుట్టు పట్టుకుని లాగేస్తున్నాడు. తర్వాత ఆయన నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అన్నీ సరైనవే.

తప్పు నాది. గొయ్యి తవ్వినవాడిని నేను తిట్టుకోవచ్చు, కాని ఫోన్ నా చేతిలో ఉంది. అందుకని చెప్తున్నా, పిల్లల్ని ఏటికి తీసుకెళ్ళండి, తప్పకుండా తీసుకెళ్ళండి, కాని ఆ ఊరి మనిషిని ఒకరిని వెంట పెట్టుకోండి. ఎక్కడ తవ్వారో వాళ్ళకే తెలుసు. నీళ్ళలో కాదు, తడి ఇసక మీద ఆడించండి. ఊరి మురుగు కలిసే చోటికి ఎగువన ఉండాలి, దిగువన వద్దు.

కళింగపట్నంలో కూడా అంతే. వంశధార మొగ దగ్గర స్నానానికి దించకండి. ఏరు సముద్రంలో కలిసేచోట ఇసక తిన్నె ప్రతి ఏడాదీ చోటు మారుతుంది. అలలు చిన్నగా కనిపిస్తాయి గాని లోపల లాగుడు ఉంటుంది.


కాకుళం కోడలు
డిసెంబరు 23, మధ్యాహ్నం 2:48

ఏటొడ్డు నాన్నగారూ, చదివి చేతులు చల్లబడ్డాయి. మావారికి చూపించాను, ఆయన ఏం మాట్లాడలేదు. ఇంత వివరంగా రాసినందుకు ధన్యవాదాలు.

పెద్ద అమ్మాయికి బొమ్మలు వేయడం ఇష్టమే. పొందూరు మా ఆడపడుచుకీ నచ్చుతుంది. కాని వాళ్ళు పండగ అయిన మూడో రోజుకే వెళ్ళిపోతారు. చూడాలి.

ఒక అనుమానం. ఊరి బయట డబ్బులు కట్టి లోపలికెళ్ళే ఈతకొలను, ఆటల చోటు ఉందట కదా. అక్కడికి ఎవరైనా వెళ్ళారా?


గార రోడ్డు
డిసెంబరు 23, సాయంత్రం 4:10

ఏ చోటో నేను పేరు చెప్పను. మా అన్న పిల్లల్ని తీసుకెళ్ళాను. తలకింత అని తీసుకున్నారు, ఈత బట్టలకి వేరే, లాకర్‌కి వేరే. నీళ్ళు చూస్తే వర్షాకాలం నాగావళి నయం. ఒక జారుడుబల్ల మూసేశారు, రెండోదానికి లైను. పిల్లలు రెండు రోజులు కళ్ళు నులుముకున్నారు. మీ ఇష్టం అక్కా.


గుడివీధి మాస్టారు
డిసెంబరు 23, సాయంత్రం 6:25

రెండో రోజుకి ముఖలింగం పెట్టుకోండి. యాభై కిలోమీటర్ల లోపు దూరం, వంశధార ఒడ్డు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం అదే అంటారు. మధుకేశ్వరం, భీమేశ్వరం, సోమేశ్వరం అని మూడు గుళ్ళు. మధుకం అంటే ఇప్పచెట్టు, ఆ చెట్టు మొదలే స్వామి అయ్యాడని కథ. గర్భగుడిలో స్వామి వెనకాల పెద్ద మట్టి గోలెం ఉంటుంది. ఆ గుమ్మంలోంచి లోపలికి ఎలా వెళ్ళిందని పిల్లల్ని అడగండి. మా మనవడు ఇంటికి వచ్చేదాకా "ముందు గోలెం పెట్టి తర్వాత గుడి కట్టారు" అని వాదించాడు. పూజారిగారు చెప్పిన కథ వాడికి నచ్చలేదు.

తెలుగును వాడుక భాషలో రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన పర్వతాలపేట ఆ దగ్గర్లోదే. 1919లో శాలిహుండం సంగతి లోకానికి చెప్పిందీ ఆయనే. అంతకు ముందు ఆ కొండ మీద పశువులు మేసేవి, కింద స్తూపాలున్నాయని ఎవరికీ పట్టలేదు. మన ఈ ముచ్చట్లన్నీ ఇలా హాయిగా రాసుకుంటున్నామంటే కొంత ఆయన చలవే.


టెక్కలి టిఫిను
డిసెంబరు 23, రాత్రి 8:00

మాస్టారు గిడుగు వారిని తెచ్చారు కాబట్టి నేను నోరు మూసుకుంటున్నా. తేలినీలాపురం సంగతి మాత్రం మర్చిపోకండి. అరవై కిలోమీటర్ల పై చిలుకు, జాతీయ రహదారి మీద హాయిగా వచ్చేయొచ్చు. ఆ ఊరివాళ్ళు పక్షుల్ని పురిటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. తిత్లీ తుఫాను, 2018 అక్టోబరు, చెట్లు కూలి పక్షులు చచ్చిపోతే ఆ ఊళ్ళో ఆడవాళ్ళు ఏడవడం నేను కళ్ళారా చూశాను. మరుసటి ఏడాది పక్షులు వస్తాయో రావోనని దిగులు పడ్డారు. వచ్చాయి.

పొద్దున్న ఏడు లోపు రండి, పెద్ద పక్షులు మేతకి వెళ్ళకముందు. దారిలో రావివలసలో ఎండల మల్లికార్జునస్వామి, ఆయనకి పైకప్పు ఉండదు, పేరులోనే ఎండ ఉంది. అంత పెద్ద లింగాన్ని చూసి మీ నాలుగేళ్ళ వాడు నోరు తెరుస్తాడు. మెట్ల బాధ అత్తయ్యగారికి ఉండకపోవచ్చు గాని ఎండ బాధ ఉంటుంది.


అమెరికాలో ఆమదాలవలస
డిసెంబరు 24, తెల్లవారుజామున 2:40

బారువ బీచ్ ఎవరూ చెప్పలేదేంటి? తాబేళ్ళు గుడ్లు పెట్టే బీచ్ అది.


గార రోడ్డు
డిసెంబరు 24, ఉదయం 7:12

అన్నా, బారువ అంటే ఇక్కణ్ణుంచి వైజాగ్ అంత దూరం. ఆవిడ దూరం వద్దనే కదా ఈ థ్రెడ్ పెట్టింది. ఆ తాబేళ్ళు, ఆలివ్ రిడ్లీలు, గుడ్లు పెట్టేది రాత్రిపూట, పిల్లలు బయటకొచ్చేది ఇంకా నెలన్నర, రెండు నెలల తర్వాత. జనవరిలో పగలు వెళ్తే ఇసకే కనిపిస్తుంది.


నిర్వాహకుడు
డిసెంబరు 24, ఉదయం 9:00

చక్కెర ఫ్యాక్టరీ ఎందుకు మూతపడింది, ఎవరి వల్ల అన్న పదకొండు సందేశాలు వేరే థ్రెడ్‌కి మార్చాను. ఇక్కడ పిల్లల తిరుగుడు సంగతే రాయండి.


పొందూరు పిల్ల
డిసెంబరు 24, ఉదయం 9:45

పిల్లల తిరుగుడు సంగతే అడుగుతా. అత్తయ్యగారు ఏ ఊరు? ఇక్కడివారేనా? ఆవిడ చిన్నప్పుడు ఎక్కడ ఆడుకున్నారో అడగండి. మనందరం మనకి తెలిసినవి చెప్తున్నాం, ఇంట్లో ఉన్న మనిషిని అడగకుండా.


కాకుళం కోడలు
జనవరి 20, మధ్యాహ్నం 3:30

నెల రోజుల తర్వాత వస్తున్నాను, ఏమనుకోకండి. అందరూ నిన్ననే వెళ్ళారు. ఇల్లు ఊడ్చి, అరిసెల డబ్బాలు సర్ది, ఇప్పుడు కూర్చున్నాను. ఏం జరిగిందో చెప్పకపోతే మీ రుణం ఉంచుకున్నట్టే.

మొదటి రోజు గార రోడ్డు తమ్ముడు చెప్పిన దారే. కాని పొద్దున్న బయల్దేరడమే తొమ్మిదిన్నర. (ముగ్గురు పిల్లల జడలు, జోళ్ళు, పాల సీసా, అత్తయ్య మాత్రలు. ఎనిమిదికి అనుకున్నది మావారొక్కరే.) అరసవల్లిలో దర్శనం బాగా అయింది. శ్రీకూర్మం చేరేసరికి తలుపులు వేసేశారు. అన్నయ్యగారు నా వైపు చూసి నవ్వబోయి ఆగారు. నాకైతే ఏడుపొచ్చినంత పనైంది.

కాని తాబేళ్ళకి తలుపులు లేవు కదా! అక్కడ వాటిని చూసుకునే ఆవిడ తోటకూర కట్ట విప్పి ముందు పడేసింది. ఒక తాబేలు, అరచేతి కన్నా కొంచెం పెద్దది, మెడ చాపి ఆకు అంచు కొరికింది. కొరికాక లాగింది. ఆకు రాలేదు, ఎందుకంటే ఆ కాడ మీద ఇంకో తాబేలు నిలబడి ఉంది. మొదటిది వదల్లేదు. ముందుకాలు ఆకు మీద వేసి తల వెనక్కి లాగి, లాగి, చివరికి ఆకు చిరిగేసరికి బొక్కబోర్లా పడబోయి నిలదొక్కుకుంది. తొమ్మిదేళ్ళ వాడు ఊపిరి బిగబట్టి చూశాడు. నాలుగేళ్ళ వాడు "దానికి స్టార్లు ఎవరు వేశారు" అని అడిగాడు. పెద్దది ఫోన్ తీసింది, ఫోటోకి అనుకున్నాను, కాదు, ఫోన్ నా చేతికిచ్చి పుస్తకం తీసి డిప్ప మీద గీతలు వేయడం మొదలెట్టింది. గంటన్నర అక్కడే. అత్తయ్య అరుగు మీద కూర్చుని పక్కావిడతో మాటలు కలిపేశారు. చివరికి తేలిందేమిటంటే ఇద్దరికీ దూరపు చుట్టరికం. ధ్వజస్తంభాలు రెండున్నాయని వాడు తనంతట తనే కనిపెట్టాడు మాస్టారూ, కాని "ఒకటి స్పేర్ ఏమో" అన్నాడు.

శాలిహుండం కొండకి అత్తయ్య రాలేదు, కింద కారులోనే ఉంటానన్నారు. మావారు తోడున్నారు. పైకెళ్తే గాలి. ఇటుకల చక్రంలా ఉన్న స్తూపం, కింద వంశధార మెలికలు. అన్నయ్యగారు చాలాసేపు అటే చూసి, "మీ ఊరికి రెండు నదులున్నాయని నాకెవరూ చెప్పలేదేంటి" అన్నారు. ఒకటి ఊరిది, ఒకటి జిల్లాది అని చెప్పాను. కళింగపట్నంలో చీకటి పడేదాకా ఉన్నాం. ఎవరినీ మొగ వైపు వెళ్ళనివ్వలేదు. మావారు అక్కడున్నంతసేపూ ఫోన్ జేబులోంచి తీయలేదు. ఎందుకో ఏటొడ్డు నాన్నగారికి తెలుసు.

రెండో రోజుకి ముఖలింగం అనుకున్నాం, కారు కుదరలేదు. తెల్లారే లేవడం మావల్ల కాక తేలినీలాపురం కూడా పోయింది. టిఫిను గారూ, క్షమించండి.

అప్పుడు పొందూరు పిల్ల మాట గుర్తొచ్చి అత్తయ్యని అడిగాను. "ఏట్లోనే ఆడుకున్నాం, ఇంకెక్కడ" అన్నారు. అత్తయ్య పుట్టిల్లు ఆమదాలవలస వైపు, నాగావళి ఒడ్డు పల్లె. ఆటో మాట్లాడుకుని అక్కడికే వెళ్ళాం. మా అత్తయ్య తమ్ముడు, ఎనభై దగ్గర పడ్డ మనిషి, కర్ర పట్టుకుని ముందు నడిచి ఇక్కడ తవ్వారు, అక్కడ దిగకండి అని చూపించాడు. రేవులో రెండు మెట్లే. అత్తయ్యని అటొకరు ఇటొకరు పట్టుకుని దింపాం.

ఏటి నీళ్ళకి కొంచెం ఎడంగా అత్తయ్య ఇసకలో కూర్చున్నారు. కొబ్బరిచిప్ప ఒకటి తెమ్మన్నారు. తెచ్చాక తవ్వడం మొదలెట్టారు. పై ఇసక పొడిగా తెల్లగా, కింద చల్లగా, ఇంకా కింద ముద్దగా. మూర లోతు వచ్చేసరికి అడుగున నీరు ఊరింది, బురదగా. దాన్ని చిప్పతో తోడి పారబోశారు. మళ్ళీ ఊరింది. మళ్ళీ తోడారు. నాలుగోసారికి అద్దంలా ఉంది, అడుగున ఒక్కొక్క ఇసక రేణువూ కనిపిస్తోంది. చెలమ. పెళ్ళికి ముందు రోజూ పొద్దున్న బిందెడు తాగేనీళ్ళు ఇలాగే తెచ్చేవారట. "ఎవరి చెలమ వాళ్ళదే. ఒకరి చెలమలో ఇంకొకరు ముంచితే ఊరంతా కొట్లాటే" అన్నారు. నేను ఆరేళ్ళుగా ఆవిడతో ఒకే ఇంట్లో ఉన్నాను, ఈ మాట ఎప్పుడూ వినలేదు.

పిల్లలు ముగ్గురూ మూడు చెలమలు తీశారు. బుడ్డోడిది కూలిపోతుంటే అంచుకి తడి ఇసక ఎలా అదమాలో అత్తయ్య చూపించారు. తాగనివ్వలేదులెండి, ఇప్పటి నీళ్ళు కదా. అన్నయ్యగారు ప్యాంటు మడిచి నాలుగోది మొదలెట్టారు. ఆయనకి సగం రోజు పట్టింది, ఎందుకంటే నీళ్ళకి మరీ దూరంగా తవ్వారు. ఎవరూ చెప్పలేదు, అత్తయ్య చెప్పొద్దని సైగ చేశారు.


టెక్కలి టిఫిను
జనవరి 20, మధ్యాహ్నం 3:52

క్షమించేశాను. అల్లుడుగారికి నీళ్ళు పడ్డాయా లేదా అది చెప్పండి ముందు.


కాకుళం కోడలు
జనవరి 20, సాయంత్రం 4:05

పడ్డాయి. తొడ లోతు తవ్వితే చెంబెడు.


ఏటొడ్డు నాన్న
జనవరి 20, సాయంత్రం 5:40

అమ్మా, వచ్చేటప్పుడు ఆ గోతులు పూడ్చారా? పశువుల కాళ్ళు దిగబడతాయి.


కాకుళం కోడలు
జనవరి 20, సాయంత్రం 5:58

పూడ్చామండీ. తాతగారు కర్ర పట్టుకుని దగ్గరుండి పూడ్పించారు. బుడ్డోడు వాడిది పూడ్చనివ్వనని ఏడిస్తే, దానికి మాత్రం చుట్టూ తాటిమట్టలు పాతి వచ్చాం. నిన్న రైలెక్కేముందు కూడా అడిగాడు, అది ఉందా అని.


పొందూరు పిల్ల
జనవరి 20, రాత్రి 7:15

పెద్ద అమ్మాయి వేసిన తాబేలు బొమ్మ పెట్టండి అక్కా. వేసవికి పొందూరు బాకీ ఉందని కూడా చెప్పండి. దవడ ఎముక ఒకటి తీసి ఉంచుతా.


గుడివీధి మాస్టారు
జనవరి 21, ఉదయం 5:20

టిఫిను గారూ, పెసరట్టు సంగతి ఎక్కడా కనబడలేదు. రేపు ఏడు రోడ్ల కూడలి దగ్గర ఏడింటికి ఉంటాను.